మూడింటి గడి

కుహ్మో దాటాక దారిలో ఎదురైంది
ఒక్క దుంగల లారీ, అంతే.
పొద్దున తొమ్మిదవుతున్నా తెల్లారలేదు.
ఏడు గదుల ఇల్లు, పసుపు రంగు చెక్క గోడలు,
మంచు ఊడ్చిన చీపురు గుమ్మం పక్కన బిగుసుకుపోయి ఉంది.
చెప్పకుండా వచ్చాను. నా ఉద్యోగమే అది.

ముందు చూడాల్సినవి ముందు చూశాను.
వేడినీళ్ల కుళాయి కింద చెయ్యి పెట్టాను. కాలలేదు.
మందుల బీరువాకి తాళం ఉంది, తాళంచెవి నర్సు మెడలో ఉంది.
వెనక తలుపు మోచేత్తో నెడితే తెరుచుకుంది.
మంచాల కిందికి వంగి చూశాను:
చెప్పులన్నీ మడమ పట్టీలున్నవే.
వంటింటి గోడ మీద
ఎవరికి ఏది మింగుడుపడదో రాసిన కాగితం.
తౌనొ పేరు పక్కన: "చేపముల్లు. లేదంటాడు. నమ్మొద్దు."

తర్వాత రాత్రి రిజిస్టరు అడిగాను.

ఇరవై రెండేళ్లలో ఎన్ని చూశానో.
పదకొండుకీ ఒంటిగంటకీ మూడింటికీ ఐదింటికీ
ఒకే కలం, ఒకే వాలు,
బడిలో ఇంపోజిషన్ రాసినట్టు టిక్కులు.
అలాంటి కాగితం చూడగానే తెలిసిపోతుంది
ఆ రాత్రి ఎవరో హాయిగా నిద్రపోయారని,
పోయింది ముసలివాళ్లు కాదని.
ఆ కాకిలెక్కలకి కాకులు కూడా సిగ్గుపడతాయి.

ఇది అలా లేదు.
ఒకచోట నీలం సిరా, ఒకచోట పెన్సిలు,
డిసెంబరు పద్నాలుగు మీద
కాఫీ కప్పు అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది.
ఆ రాత్రి మూడింటి వరుసలో ఏడు గడులు.
ఒక్కదానికే టిక్కు.
ఆరు ఖాళీ.

అంచున ఇరికించి రాసింది:
"ఓయ్‌వా ఊపిరి మారింది. చెయ్యి వదిలితే కళ్లు తెరుస్తున్నాడు.
వదల్లేదు. మిగతా తలుపులు చూడలేదు.
నాలుగూ పదికి పోయాడు.
నాలుగున్నరకి హిల్కా స్నానాలగదిలో నేలమీద కనిపించింది.
ఎప్పుడు పడిందో తెలీదు. తువ్వాలు తనే లాక్కుని కప్పుకుంది.
ఎముక విరగలేదు. ఒళ్లు చల్లబడి ఉంది. సెన్యా."

రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు.
హిల్కాకి నిన్నటిది నేటికి నిలవదు.
ఓయ్‌వా ఇక చెప్పడు.
ఆరు టిక్కులు,
కాఫీ ఒక గుక్క మింగేంతలో అయిపోయే పని.

సెన్యాని పిలిపించారు. ముప్పై దాటినట్టు లేదు.
నిద్ర ముఖం, కోటు కింద పైజమా.
"మళ్లీ అలాంటి రాత్రి వస్తే?" అన్నాను.
నా ఫారంలో ఉన్న ప్రశ్న కాదది.
చాలాసేపు అరచేయి చూసుకుంది.
నాకున్నవి రెండు చేతులేగా అంటుందనుకున్నాను.
"చెయ్యి ఆయన దగ్గరే ఉంచుతాను," అంది,
"ఇంకొకరి కాళ్లు కావాలి."

యజమాని రాయ్‌మో ఫైలు తెచ్చాడు.
అందులో ఆమె ఉత్తరాలు రెండు,
సెప్టెంబరుది ఒకటి, నవంబరుది ఒకటి:
రాత్రికి ఇంకొక మనిషి.
రెండింటి మీదా ఆయన చేత్తో: "చూద్దాం."
ఒకే కలం, ఒకే వాలు.

వెళ్లేముందు హిల్కా పక్కన కూర్చున్నాను.
"మీకిక్కడ భయమేం లేదు కదా?"
అడగాలి కాబట్టి అడిగాను.
ఆమె వంగి నా గడియారం పట్టీ సరిచేసింది.
"నేల చల్లగా ఉంటుంది," అంది.

కారులో వేళ్లు కదిలేదాకా రాయలేకపోయాను.
చెయ్యి పట్టుకుని కూర్చోవడానికి నివేదికలో గడి లేదు.
భద్రతకి ఉంది. అందులో "లోపం" అని రాశాను,
ఎవరిదో కూడా రాసి కింద గీత గీశాను.
ముప్పై రోజులు గడువు.

ఇవాళ్టికి పదకొండో రాత్రి.
మూడింటికి మెలకువొచ్చింది.
లేచి వెళ్లి, ఎవరూ పడుకోని పక్కగది తలుపు తెరిచి
చూసి
మళ్లీ మెల్లగా వేశాను.