కలక్కి లేదు

తండయార్‌పేట స్టేషన్ వెనక, రాత్రి తొమ్మిదిన్నరకి
పెనం చిటపటలాడిందంటే అదే నాకు గడియారం.
నామక్కల్ లారీలో దిగిన గుడ్ల అట్టలు నాలుగు
తడి తగలకుండా, పొయ్యి సెగకి దూరంగా
బండి కింద గోనె కప్పుకుని ఉన్నాయి.

"అక్కా, ఒక కలక్కి" అంటాడు కొత్త కుర్రాడు
హెల్మెట్ తియ్యకుండానే.
పైన తెల్లటి పొర, లోపల ఇంకా ఊగే పసుపు,
నోట్లో పెడితే జారిపోవాలి. తెలుసు నాయనా.
ఈ పేటలో దాన్ని మా ఆయనంత బాగా వేసినవాడు లేడు.

లేదు.
ఆమ్లెట్టుంది, పొడిమాసుంది,
ఉడకబెట్టి రెండుగా కోసి మిరియాలు చల్లిందుంది.
ఊగేది మాత్రం లేదు.

అతనికి కోపం. నాకు చేతిలో పని.
గుడ్డుని లైటుకి ఎత్తి చూస్తాను,
వెంట్రుకంత బీటున్నా పక్కకి.
బీటలవి సగం ధరకిస్తానంటాడు కొట్టు సెల్వం,
తీసుకోనని తెలిసీ రోజూ అడుగుతాడు, పలకరింపులాగా.
పెంకు పట్టిన చెయ్యి ఉల్లిపాయని ముట్టుకోదు.
సబ్బు, నీళ్ళు, మళ్ళీ సబ్బు.

ఈ ఊళ్ళో నీళ్ళంటే ఏమిటో తెలియనిది ఎవరికి?
లారీ వెనక పరిగెత్తి పట్టిన ఐదు బిందెల్లో
ఎర్ర బిందె అచ్చంగా నా చేతులకే.
మా అత్త దెప్పుతుంది:
కడిగి కడిగి గీతలన్నీ పోగొట్టుకున్నావే,
ఇంక నీ జాతకం ఎవరు చెబుతారూ అని.

మా ఆయనకి తొందరెక్కువ.
సాయంత్రమే ఇరవై గుడ్లు గిలక్కొట్టి
సోడా సీసాలో పోసిపెట్టుకునేవాడు,
గిరాకీ రాగానే ఒక్క వంపు, సుయ్‌మని ఆమ్లెట్టు.
అవి కత్తిరి ఎండలు. రాత్రిళ్ళు కూడా గోడలు కాలేవి.
పదకొండింటికి సీసా అడుగున మిగిలింది
పారబొయ్యడానికి మనసొప్పలేదు,
తనే వేసుకున్నాడు, సగం కాల్చి, ఊగేట్టు.
పిల్లకి రెండు ముద్దలు పెట్టాడు.
కంపు కొట్టిందా అంటే, లేదు.
ఎప్పటిలాగే కమ్మగా ఉందన్నారు ఇద్దరూ.

మర్నాటి రాత్రి నుంచి ఇంట్లో ఒకటే వాంతులు, విరేచనాలు, ఒళ్ళు కాలే జ్వరం.
పెద్దాసుపత్రిలో నర్సు అడిగింది, ఏం తిన్నారని.
గుడ్డేనమ్మా, అన్నాను. ఉత్త గుడ్డే.
ఆమె సెలైను సర్దుతూ సీసా సంగతి అడిగింది,
ఎన్ని గంటలు, ఎంత ఎండ,
పచ్చసొన గట్టిపడిందా అని.
ఒక్కో ప్రశ్నకీ నా తల ఇంకాస్త కిందికి.

పిల్ల లేచింది ఐదోనాటికి, ఎండిన చిక్కుడుకాయలా.
ఆయనా లేచాడు గానీ
పెనం ముందు మళ్ళీ నిలబడలేదు.
షేర్ ఆటో తోలుతున్నాడు. అర్ధరాత్రి ఇటు వచ్చి
ఉడికిన గుడ్డొకటి ఒలుచుకుంటాడు, ఏమీ మాట్లాడడు.

ఇప్పుడు కొట్టింది కొట్టినట్టే పెనం మీదికి.
రెండు వైపులా తిప్పి, గరిటెతో నొక్కి చూసి,
తడి లేదనుకున్నాకే ఆకులోకి.

కుర్రాడు తింటున్నాడు, ముఖం ముడుచుకుని.
"రబ్బరులా ఉందక్కా."

ఉండనీలే.
రేపు మళ్ళీ వచ్చి తిట్టు.