ఒక సెంటీమీటరు

పంద్రాగస్టుకి నన్ను పిలుస్తారు.
కాశీనగర్ హైస్కూల్లో మొదటి వరస కుర్చీ,
భుజాన నెమలికంఠం రంగు శాలువా,
ఏటేటా అదే కొట్లో కొన్నది.
పెట్టెలో పదకొండు పోగయ్యాయి,
మా ఆవిడ రెండింటిని కిటికీలకి కట్టేసింది.

త్రినాథ పండా మాస్టారు ఒడియాలో మొదలెట్టి
నాకోసం తెలుగులోకి దిగుతారు:
"దేశం కోసం ప్రాణాలొడ్డిన హవల్దార్ కూర్మారావు గారు!"

నేనొడ్డిందేమిటో నాకు తెలుసు.
భటిండాలో కందిపప్పు తూచాను.
పదిహేడేళ్ళు. బస్తా, కాటా, రిజిస్టరు, సంతకం.
పురుగు పట్టిన గోధుమపిండి లారీని ఒకసారి వెనక్కి తిప్పాను,
నేను చేసిన యుద్ధం అదే.
తుపాకీ ఏడాదికోసారి, అట్టబొమ్మ మీద.
అందులోనూ సగం పక్కకి పోయేవి.

మైకు గుర్రుమంది.
నల్ల టేపు నోట కరుచుకుని
షామియానా గుంజ వెనక నుంచి దాలయ్య వచ్చాడు.
నా తమ్ముడు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట బరంపురం మైదానంలో
ఇద్దరం ఒకే పొద్దున పరుగెత్తాం.
వాడు నాకన్నా ముందొచ్చాడు, ఎంత ముందంటే
నేను చేరేసరికి సీసాలో నీళ్ళు తాగి
నాకు సగం ఉంచాడు.
ఆ తర్వాత కొలత.
ఊపిరి బిగబడితే ఛాతీ అయిదు సెంటీమీటర్లు పొంగాలి.
వాడిది నాలుగు పొంగింది.
"ఇంకోపాలి కొలండి బాబూ" అన్నాడు.
టేపు అప్పటికే వెనకవాడి వీపు చుట్టూ ఉంది.

ఆ ఒక్క సెంటీమీటరులో దేశభక్తి ఎంత పడుతుందో
పప్పు తూచినన్నాళ్ళూ లెక్క కట్టాను.
తేలలేదు.

వంశధార పొంగిన రాత్రి
తెగిన తీగ నీళ్ళలో పడిందని
నడుం లోతులో అడుగడుగూ తడుముకుంటూ పోయాడు దాలయ్య,
కరెంటాఫీసు కాంట్రాక్టు మనిషి,
చేతి తొడుగులు కూడా సొంత డబ్బుతో కొన్నవి.
కుడి చిటికెనవేలు ఇప్పుడు వంగదు.
మర్నాడు పేపర్లో ఏటి ఫొటో వేశారు.
వాడికీ ఒక కుర్చీ వెయ్యమని
నేనింతవరకు అడగలేదు.

సరిహద్దు అన్న మాట వచ్చినప్పుడల్లా చప్పట్లు.
మాకూ ఉందొక సరిహద్దు.
ఒక రాయి, దాని మీద ఎవరో ఆరేసిన లుంగీ.
పొద్దున్నే వంకాయ గంపలు కొత్తూరు వైపు దాటతాయి,
పొద్దువాలాక పుట్టింటికొచ్చే ఆడపిల్లలు ఇటు దాటతారు.
రేషన్ కార్డు ఒడియాలో, తిట్లు తెలుగులో.
దాన్ని ఎవరూ కాయరు, అది ఎక్కడికీ పోలేదు.

ఈసారి ఇదంతా చెప్పేద్దామనే లేచాను.
అంతలో మాస్టారు పిల్లల వైపు తిరిగారు:
"మీలో సైన్యంలో చేరేదెవరు?"
లేచిన చేతుల మధ్య లేవని చెయ్యి ఒకటి.
సెరంగో కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర కుర్రాడు,
ఎలియా రైకా.
"మరి నువ్వో?"
"పశువుల డాక్టర్నవుతా."
"దేశం కన్నా మేకలెక్కువట్రా నీకు?"

ఎంత నవ్వారో.
కుర్రాడు కాళ్ళ వంక చూసుకున్నాడు.
చెప్పులు కొత్తవి, ఈ పండక్కే కొన్నట్టున్నారు.

నా భుజాన శాలువా ఉంది.
ఆ నవ్వుకి అడ్డం పడగలిగిన నోరు
ఆ మైదానంలో నాదొక్కటే,
మాస్టారైనా కాదనలేని నోరు.
మైకు కూడా బాగా పలుకుతోంది, దాలయ్య సరిచేశాడు.

"జై హింద్" అని కూర్చున్నాను.

తిరిగొస్తుంటే స్కూటరు మీద వెనక నుంచి వాడు,
"ఏటన్నియ్యా, ఏటో సెప్తానన్నావు?"
గాలికి వినపడనట్టు ఊరుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టక
వెల్లకిలా పడుకుని ఊపిరి బిగబట్టి చూసుకున్నాను.
పొంగింది.
ఇంకా, అయిదుకి అయిదూ.