లబ్ధిదారుల సంఖ్య

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
నిజమే. కానీ అమ్మ
మూడు ప్రతులు తెమ్మనదు,
హెడ్మాస్టరు ముద్ర ఏదీ అనదు.

మొఖోత్లోంగ్‌లో జూలై. కిటికీ బయట మంచు.
బడి సైన్సు గదిలో పారఫిన్ పొయ్యి చుట్టూ
కంబళ్ళు కప్పుకుని నలుగురం,
మధ్యన ఏడు పేజీల దరఖాస్తు.

క్లబ్బు పేరు? రేడియో మరమ్మతు క్లబ్బు.
"బరువు చాలదు," అంది పులెంగ్.
'గ్రామీణ సమాచార సాధికారత యువ వేదిక' అని రాసి
ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం,
అద్దెకోటు తొడుక్కున్నట్టు.

ధ్యేయం? రెండు వందల మాటల్లో.
మాకున్నవి పది:
కొండ మీద మందల దగ్గర
ఒంటరిగా ఉండే కుర్రాడి రేడియో
మూగబోతే మాట్లాడించడం.
మిగిలిన నూట తొంభై
ఏ దుకాణంలో అరువు తేవాలి?
'సుస్థిర' అన్న మాటని మూడుచోట్ల పాతాం,
'సమగ్ర'ని గట్టు పొడుగునా చల్లాం.
ఏదో ఒకటి మొలవకపోతుందా అని.

లబ్ధిదారుల సంఖ్య?

ఇక్కడ ఆగింది నా కలం.
పోయిన మే నెలలో మొలెఫి వచ్చాడు,
పన్నెండేళ్ళుంటాయేమో,
ఒకటిన్నర రోజు నడిచి,
జబ్బుచేసిన మేకపిల్లని తెచ్చినట్టు
రేడియోని కంబళిలో చుట్టుకుని.
లోపల ఒక్క తీగ ఊడింది, అంతే.
మాకు సోల్డరింగ్ ఐరన్ లేదు.
ఆరంగుళాల మేకుని పొయ్యిలో ఎర్రగా కాల్చి
కందిగింజంత టంకం కరిగించాడు ఖోథాత్సో.
చెయ్యి కూడా కాల్చుకున్నాడు.
తిరిగెళ్ళిన రాత్రే రేడియో చెప్పిందట,
తెల్లారేసరికి మంచు పడుతుందని.
చీకట్లోనే మందని కిందికి తోలుకొచ్చాడు మొలెఫి.
అరవై మూడు మేకలు.

"అరవై నాలుగని రాయి," అన్నాడు ఖోథాత్సో.
"రాయనా? పక్క గడిలో
ఆడా మగా విడివిడిగా అడుగుతున్నారు,
మేకలకి కూడా చెప్పాలి మరి,"
అంది మా అధ్యక్షురాలు రెలెబొహిలే.
నవ్వి నవ్వి పొయ్యి ఆర్పేసుకున్నంత పనిచేశాం.
చివరికి 1 అని రాసి,
ఆ ఒకటి మరీ చలికి వణుకుతున్నట్టుందని
పక్కన రెండు సున్నాలు కప్పాం.

బడ్జెట్: సోల్డరింగ్ ఐరన్లు నాలుగు.
టంకం తీగ. మల్టీమీటరు ఒకటి, పాతదైనా సరే.
కాలిన చేతికి రాసుకునే మందు
(దీన్ని తర్వాత కొట్టేశాం).
'ప్రచారం' గడి ఖాళీగా ఉంటే
ఫారం చెల్లదని రాసి ఉంది కాబట్టి:
బ్యానరు ఒకటి.

అక్టోబరులో మసేరు నుంచి జవాబు.
పరికరాలు మా నిధి పరిధిలోకి రావు.
ప్రచారం వస్తుంది.
వెనకే వచ్చింది బ్యానరు,
పన్నెండడుగుల పొడవు, దాత గుర్తు నడిమధ్యన,
మూలన ఎక్కడో మేం.

పులెంగ్ ఏడుస్తుందనుకున్నాను.
దాన్ని గోటితో గీకి చూసి
"నీళ్ళు దిగవు," అంది.
వాళ్ళ అమ్మ కన్నది వానలో, పేరూ వానదే,
దానికి తెలియక మాకెవరికి తెలుస్తుంది?
పని బల్ల మీద కప్పు కారే చోట
నలుగురం నిచ్చెన పట్టుకుని మేకులు కొట్టాం.
ఒక మేకు మాత్రం దాచుకున్నాం,
పొయ్యిలోకి.

ఇప్పుడు వినియోగ పత్రం నింపాలి.
బ్యానరుని ప్రజలు చూస్తున్నారా?
చూస్తున్నారు. వాన పడ్డప్పుడల్లా
తలెత్తి మరీ చూస్తున్నాం.
కృతజ్ఞతా వాక్యం?
కృతజ్ఞులం అనే అర్థం మా భాషలో రెలెబొహిలే అంటే.
ఆమె సంతకం పెట్టి ఊరుకుంది.

చివరి గీత మీద
'ఇంకేమైనా చెప్పదలిస్తే' అని ఉంది.
చాలాసేపు చూసి, రాశాను:

టంకం తీగ అయిపోయింది.