పడదు

నరసాపురం బస్టాండు ఎదురుగా మా మందుల షాపు.
కోతలు మొదలయ్యాయని ఎవరూ చెప్పక్కర్లేదు,
కౌంటరు ముందు తుమ్ములు చెబుతాయి.
మిషను ఆడిన చేల మీంచి నూగు లేచి
ఊరి ముక్కుల్లోకి దిగుతుంది.
ఎర్రటి కళ్ళు నలుపుకుంటూ వస్తారు,
అందరిదీ ఒకటే మాట: "పడలేదండి."

నాకిష్టం ఆ మాట.
వంకాయ పడదు. గోంగూర పడదు.
కొత్త సున్నం వాసన పడదు.
తోడికోడళ్ళిద్దరికీ పడదు.
ఒంటికీ ఒక పంతం ఉంటుందని
డాక్టర్ల కంటే ముందే కనిపెట్టినట్టు
అన్నిటికీ ఒకే మాట పెట్టుకున్నాం.

కొల్లాటి నూకరత్నానికి రొయ్య పడదు.

వింటే ఎవరికైనా నవ్వొస్తుంది,
ఆవిడే ముందు నవ్వింది.
తాత వల విసిరినవాడు, నాన్న చెరువు కాపలా,
తనేమో షెడ్డులో తలలు తుంచే పని, కిలోకింతని.
మొదట వేళ్ళ సందుల్లో దురద,
ఐసునీళ్ళ వల్ల అనుకుంది.
తర్వాత మోచేతి దాకా దద్దుర్లు,
కందిరీగల తుట్టె కదిలించినట్టు.
అత్త పైత్యం అంది, గొంగళితో తుడిచింది,
వేపాకు కాచి పోసింది.
సందు చివరి ఆర్ఎంపీ సూది వేస్తే
మూడు రోజులు ఒళ్ళు చల్లబడింది,
నాలుగో రోజు వడ్డీతో తిరిగొచ్చింది.

రాత్రి ఏడింటికి వచ్చేది నా దగ్గరికి.
"సిట్రిజిన్ ఒకటివ్వండి."
షీటు తీసుకోమంటే వద్దనేది,
రేపటికి తగ్గిపోతే డబ్బులు దండగ కదా.
అలా ఒక్కొక్కటే కత్తిరించి ఇచ్చాను
ఏడు నెలలు.
డాక్టరుకి చూపించుకోమని
ఎన్నిసార్లు అన్నానో
లెక్కపెట్టుకోను. తక్కువే.

మార్గశిరంలో ఓ తెల్లారగట్ల
ఉడకబెట్టే తొట్టి ఆవిరి మొహాన కొట్టి
ఛాతీలో పిల్లికూతలు లేచాయి.
పెదాలు ఉబ్బాయి, మాట సగంలో తెగింది.
ఆటోలో వేసుకుని పాలకొల్లు పరిగెడితే
తొడలోకి సూది పొడిచారట,
కాలవ వంతెన దాకా పోయిన ఊపిరి
వెనక్కి తిరిగొచ్చిందట.
డాక్టరమ్మ చీటీ మీద మూడు మందులు రాసి
నాలుగోది నోటితో చెప్పింది:
ఆ షెడ్డుకి వెళ్ళకు.

మూడూ ఇచ్చాను.
నాలుగోది ఏ షాపులో దొరుకుతుంది?
"రొయ్య పడదు, సరే బాబూ.
పదో తారీకున ఖాతాలో డబ్బులు పడతాయి కదా" అంది.
కాసేపాగి,
"పడకపోయినా పడాలి."

ఇంట్లో లేసు అల్లుకోమన్నారు.
దాంతో వేళ్ళకి దురద రాదు,
పొయ్యికి సెగా రాదు.
చివరికి మేస్త్రీతో తగువు పడి
తూకం దగ్గరికి, గాలాడే తలుపు పక్కకి మారింది.
మొహానికి మాస్కు, చేతులకి తొడుగులు.
ఇంట్లో ఇగురు వండినప్పుడు
వీధి అరుగు మీద కూర్చుంటుందట, పిల్లలు తినేదాకా.

దాళ్వా కోతల్లో మళ్ళీ ఆయాసంతో వచ్చింది.
ఇన్‌హేలర్ అట్టపెట్టెలోనే ఉంది, సీలు తియ్యలేదు.
"అలవాటైపోతుందంట కదండీ?"
ఊపిరికి అలవాటు పడలేదా నూకరత్నం, అన్నాను,
స్టూలు వేశాను.
లోపలి గాలంతా వదిలెయ్.
పెదాలు బిగించు. నొక్కుతూ పీల్చు, నెమ్మదిగా.
ఇక ఆపు. పది లెక్కపెట్టేదాకా.

ఆవిడ కళ్ళు మూసుకుంది.
నేను పైకే లెక్కపెట్టాను.
నాలుగు దగ్గర, దగ్గు మందుకొచ్చిన పెద్దాయన కలిశాడు,
ఏడు దగ్గర భీమవరం బస్సు కండక్టరు.
ఎనిమిది.
బయట ధాన్యం లారీ పోతోంది నూగు రేపుతూ,
నా ముక్కులో తుమ్ము ఒకటి తయారుగా ఉంది.
తొమ్మిది.
ఆపుకున్నాను.