గ్లాసు లేదు

నాలుగుంపావు. కాడుబీసనహళ్ళి.
సర్వర్ మళ్ళీ ఊపిరి బిగబట్టింది.
ఎవరు తలుపు కొట్టినా
ముప్పై సెకన్లు నిలబెట్టి, లేదు పొమ్మంటోంది.

డేటాబేస్ వైపు తొంగిచూస్తే అక్కడ రద్దీ ఏమీ లేదు.
ఇరవై కనెక్షన్లూ తెరిచే ఉన్నాయి,
ఇరవైకి ఇరవై నిద్రపోతున్నాయి.
తీసుకెళ్ళినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు.

యాభై చెయ్యి, అన్నాడు చాట్‌లో ప్రద్యుమ్న.
పోయిన నెల పదిని ఇరవై చేసిందీ అతనే.
అంతకుముందు ఎవరో, ఇప్పుడీ కంపెనీలో లేనివాళ్ళు,
ఆరుగంటలకోసారి రీస్టార్ట్ అయ్యేలా రాసిపెట్టి
పక్కన ఒక్క మాట వదిలారు: తాత్కాలికం.
దానికి మొన్ననే మూడేళ్ళు నిండాయి.

కిందికి దిగాను.
తడిరోడ్డు మీద మునివెంకటప్ప బండి.
పాలు పొంగుతున్నాయి. టీ ఉంది. గ్లాసు లేదు.
"రెండు డజన్లు తెస్తి మేడం, మార్కెట్ నించి,
పోయిన సోమారమే. యాడికి పోతాయో తెల్దు.
ఎవురూ దొంగలు కాదు. తాగతా ఉంటారు,
ఫోనొస్తాది, అరస్తా అట్లే పోతారు."

అరస్తా అట్లే పోతారు.

లిఫ్ట్ వదిలేసి మెట్లెక్కాను.
మూడో అంతస్తు మలుపులో, కిటికీ గట్టు మీద
మూడు గ్లాసులు.
ఒకదాంట్లో సిగరెట్ పీక, ఒకదాంట్లో చీమలు,
మూడోదాని అంచున
నేను పెదాలకి పూసుకునే రంగు.

బిల్లుల ఫైల్లో, నూట నలభయ్యో వరస దగ్గర దొరికింది.
తీసుకోవడం పైన, తిరిగివ్వడం కింద,
మధ్యలో ఒక తేదీ.
తేదీ సరిగ్గా ఉన్నంతసేపూ అంతా మర్యాదే.
ఎవరో ఖాళీ తేదీ పంపుతారు,
కోడ్ అరుస్తూ అట్లే పోతుంది
కనెక్షన్ని గట్టు మీద పెట్టేసి.

మార్చింది ఒక్క వరసే.
ట్రై పక్కన కుండలీకరణంలో దాన్ని కూర్చోబెట్టాను.
ఇక ఆ గడప నవ్వుతూ దాటినా, ఏడుస్తూ దాటినా
చేతిలోది అక్కడ పెట్టే పోవాలి.
రీస్టార్ట్ జోలికి మాత్రం పోలేదు.
ఇంకో వారం చూద్దాం, తాత్కాలికంగా.

తెల్లారుతుండగా మూడు గ్లాసులూ పట్టుకుని దిగాను.
మునివెంకటప్ప ఏమీ అనలేదు.
వేడినీళ్ళతో కడిగాడు, రెండుసార్లు,
ఒకదాంట్లో టీ పోసిచ్చాడు.

సగం తాగానో లేదో ఫోను మోగింది.
అతను నా చేతినే చూస్తున్నాడు.