దురాయి

ఇసకపల్లి పట్టపుపాళెంలో
గవ్వలకు పోయిన పిల్ల అరికాలికి
తారు.
కిరసనాయిలుతో తుడుస్తా అడిగాడు తిరుమూర్తి:
"ఓడలు నూనె వదలకూడదని
దేశాలన్నీ సంతకాలు పెట్టాయంటివే?"

పెట్టాయి.
సంతకమంటే ఒట్టు కాదు మామా,
ఒట్టేస్తామన్న మాట.
ఇంటికి పోయి, ఒప్పించుకుని,
ధ్రువీకరణ పత్రం పంపాలి.
చాలినన్ని పత్రాలు చేరి
గడువు గడిస్తేనే అమలు.

"చేరనివాడి ఓడో?"

మన రేవుకొస్తే తనిఖీ మనదే.
నడిసంద్రంలో...
గుడ్డ పిండాను.

"మా దురాయికి కాగితం లేదు.
తాబేళ్ళ నెలల్లో వల దించొద్దన్నాం.
ఆ పొద్దు వేటలో ఉన్నోడు
ఒడ్డెక్కి, తడి లుంగీతోనే
కాపుల ముందు 'సరే' అన్నాడు.
వాడి వల కూడా ఇసకలోనే ఎండింది."

జెండా ఆనవాలు తెలియనంత దూరాన
కృష్ణపట్నం వైపు ఒక ఓడ.

పిల్ల రెండో కాలు చాపింది.