కొలవని గడి

ఏటికి ఆ ఒడ్డునా తెలుగే, ఈ ఒడ్డునా తెలుగే.
కార్డు మాత్రం ఒడియా.
గుండ్రటి అక్షరాల్లో దమయంతి పేరు రాసి
ఎనిమిదో నెల అని రాసి
బీపీ గడి ఖాళీగా వదిలాను.

కాశీనగర్ పక్క పల్లె. మంగళవారం, మమతా దినం.
అంగన్‌వాడీ వసారాలో పప్పు ఉడికే వాసన.
దూలానికి కట్టిన తూకం సంచిలో
ఎవరి పిల్లాడో ఊగుతూ ఏడుస్తున్నాడు.

ముందు కాళ్లు చూశాను.
ముఖం తర్వాత.
పన్నెండేళ్లుగా ఇదే నా పలకరింపు.

మెట్టెలు కనిపించలేదు.
ఉన్నాయి, వేళ్ల వాపులో మునిగి ఉన్నాయి.
చీలమండ పైన బొటనవేలితో నొక్కితే
గుంట పడింది.
వేలు తీశాను.
నా వేలు ఇంకా అక్కడే ఉంది.

"నీళ్లోసుకున్న పిల్లకి కాళ్లు నీరెక్కవేటి దిదీ?"
అత్త నీలాచలమ్మ నవ్వింది.
"నానేడుగుర్ని కన్నాను. ఎక్కినాయి, దిగినాయి."
ఏడుగురిలో ఎందరు మిగిలారని
నేను అడగలేదు.

చేతికి పట్టీ చుట్టబోతే
సీమంతం నాటి పచ్చగాజులు కదలనన్నాయి.
బంతి నొక్కి గాలి నింపి
మెల్లగా వదిలాను.
చప్పుడు మొదలైన చోటు నూట యాభై రెండు.
చప్పుడు ఆగిన చోటు తొంభై ఎనిమిది.
ఆ రెంటి నడుమ
లోపల్నుంచి ఎవరో తలుపు బాదుతున్నట్టు.

ఒక్క కొలతని నమ్మకూడదు.
ఎడమ పక్కకి పడుకోబెట్టి మాటల్లో పెట్టాను.
"తలనొప్పి?"
"పొయ్యి పొగకి."
"కళ్లు?"
"మద్దినేల మిణుగురులొస్తన్నాయి దిదీ.
బాగుంటన్నాయి."

బాగుంటున్నాయట.

ఉద్యోగంలో చేరిన ఏడాది
ఊర్మిళ కూడా ఏదో చెప్పబోయింది.
ఆ రోజు నా యంత్రం గొట్టం చిరిగి గాలి నిలవలేదు.
నూట ఇరవై మీద ఎనభై అని రాసేశాను,
అందరికీ రాసే అంకె.
పది రోజులకి ఆమె ఒళ్లు విల్లులా వంగింది.
గాలి సోకిందన్నారు, నిమ్మకాయలు కోశారు,
కరుచుకున్న నాలుక మీంచి నెత్తురు తుడిచారు.
తెల్లారేసరికి ఇద్దరూ లేరు.
ఆ కార్డులో మాత్రం
ఆమె ఇప్పటికీ ఆరోగ్యంగా ఉంది.

మళ్లీ కొలిచాను. అంతే. ఒక గీత ఎక్కువే.
సీసాలో ముంచిన పుల్ల మీద
పసుపు ముక్క పచ్చబడింది.
గాజుల రంగే.

బండికి ఫోన్ చేసి
మెట్టెలు తీయాలన్నాను, వేళ్లు నల్లబడుతున్నాయి.
నీలాచలమ్మ నవ్వు ఆగిపోయింది.
"మొగుడు సూరత్‌లో బతికుండగా
మెట్టెలు తీత్తారేటి?"

జవాబు చెప్పలేదు నేను.
ఆవిడ బొటనవేలు పట్టుకుని
కోడలి కాలి మీద నొక్కించాను.
ఏడుగుర్ని ఎత్తిన వేలు.
గుంట పడింది. పూడలేదు.
ఆవిడ దాన్నే చూస్తూ కూర్చుంది,
నీళ్లు ఊరని చెలమని చూసినట్టు.

తర్వాత లేచి కొబ్బరినూనె తెచ్చింది.
తన కొంగు అంచులోంచి దారం లాగి
వేలికి బిగించి చుట్టి, కొంచెం కొంచెంగా
ఒక మెట్టె తీసింది.
రెండోది రాలేదు.
సైకిల్ షాపు లోకనాథం కత్తెర తెచ్చి
మొహం పక్కకి తిప్పుకుని కత్తిరించాడు.
దమయంతి ఏడవలేదు,
చల్లగా ఉందంది.

బండి పర్లాకిమిడి దారి పట్టింది.
అత్త ముందు సీట్లో కూర్చోనంది,
వెనక కోడలి పాదాలు ఒళ్లో పెట్టుకుంది.
మెట్టెలు నా సంచిలో ఉన్నాయి,
ఒకటి గుండ్రంగా, ఒకటి విరిగి.

గడి నింపాను.
చెయ్యి వణికింది.
నిజం అంకె రాసినా వణుకుతుందని
నాకు ఇవాళ తెలిసింది.

ఫోన్ ఇంకా రాలేదు.
చాప మీద మరో నలుగురు ఉన్నారు,
చీర కుచ్చిళ్లు కాళ్ల మీదికి లాక్కుని.

ఏదీ, ముందు
పాదాలు చూపించండమ్మా.